పిసరు కంట్లో చుక్కలు

ఆ వీధిలో కళ్ళజోళ్ళ కొట్టాయన్ని అందరూ "డాక్టరుగారూ" అనే పిలుస్తారు. ఆయన డాక్టరు కాడు. ఆ సంగతి ఆయనకి తెలుసు, ఆయన భార్యకి తెలుసు, ఇద్దరికన్నా బాగా ఆయన అత్తగారికి తెలుసు. తెలియనిదల్లా వీధికే. తెలియజెప్పే పని మాత్రం ఆయన ఏనాడూ పెట్టుకోలేదు.

వీధిని కూడా పూర్తిగా తప్పు పట్టలేం లెండి. జిరాక్సు కొట్టుకీ దర్జీ కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఆ గదిలో ఎదురుగోడకి పైనుంచి కిందికి చిన్నవైపోయే అక్షరాల బోర్డు ఉంటుంది, దాని వెనక లైటు. లోపలి మూల నీళ్ళు కారుతూ తిరిగే సానరాయి. దానిమీద అద్దం అంచు అరగదీస్తుంటే పాలలాంటి తెల్లనీళ్ళు చొక్కా అంతా చిందుతాయి కాబట్టి ఆయన తెల్లకోటు వేసుకుంటాడు. తెల్లకోటు వేసుకుని, మన ముక్కుమీద ఇనప ఫ్రేము పెట్టి, ఒక అద్దం తీసి ఇంకో అద్దం వేసి "ఇప్పుడెలా ఉంది, ఇందాకటికంటే నయమా" అని అడిగేవాణ్ణి జనం ఇంకేమంటారు? అన్నారు. ఆయన కాదనలేదు. ఊరుకోవడం కానీ ఖర్చు లేని పని, వినడానికేమో హాయిగా ఉంటుంది.

చిక్కంతా అత్తగారితో వచ్చింది. సంబంధం తెచ్చిన దూరపు బాబాయి ఒకడు "కుర్రాడు కళ్ళ డాక్టరు" అని కోతలు కోసేసి వెళ్ళాడు. పెళ్ళయ్యాక చూస్తే కుర్రాడు కొట్లో కూర్చుని అద్దాలు అరగదీస్తున్నాడు. భార్య నవ్వి ఊరుకుంది. "డాక్టరైతే వేళాపాళా లేకుండా ఆస్పత్రి చుట్టూ తిరిగేవారు, ఇదే నయం" అంది. అత్తగారు నవ్వలేదు, తిట్టనూ లేదు. అల్లుడితో నేరుగా మాట్లాడటం మానేసింది, అంతే. ఆవిడ బొత్తాల ఫ్యాక్టరీలో పగుళ్ళున్న బొత్తాలు ఏరిపారేసే బల్ల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడ కన్ను పడిందంటే లోపం దొరక్కుండా పోదు. రిటైరయ్యాక కూతురి దగ్గరికే వచ్చి ఉంటోంది. అల్లుడింట్లో ఉంటూ, అల్లుడు తెచ్చిన టీపొడితో అల్లుడికే టీ కాచి పెడుతూ, అల్లుడికి చెప్పాల్సిందంతా కూతురికి చెబుతుంది. "మీ ఆయన్ని గొడుగు పట్టుకెళ్ళమను, మబ్బు పట్టింది" అంటుంది. మీ ఆయన ఆ పక్కనే కూర్చుని బూట్లు తొడుక్కుంటూ ఉంటాడు.

"నేనేమన్నా పోస్టాఫీసా?" అని భార్య నెత్తి కొట్టుకునేది. నీటి బిల్లుల కౌంటర్లో పొద్దస్తమానం జనంతో గొంతు చించుకుని ఇంటికొస్తే, ఇక్కడ అటు మాట ఇటు, ఇటు మాట అటు మొయ్యడం ఆవిడ ప్రాణానికొచ్చింది. ఆయనేమో "ఎవరిక్కావాలి మీ అమ్మగారి మాట" అని పైకి విసుక్కునేవాడు. లోపలి సంగతి వేరు. ఆ పెద్దావిడ ఒక్కసారి తన మొహంలోకి చూసి, తనని పిలిచి, ఒక్క మాట అంటే చాలు, తిట్టయినా సరే అనుకుంటూ ఇన్నేళ్ళూ గడిపాడు. ఆ కోరిక భార్యకి కూడా చెప్పుకోలేదు.

ఇలా ఉండగా ఇంట్లోకి కుందేలు వచ్చింది. పక్కింటివాళ్ళు ఇల్లు మారుతూ వదిలేసి పోతుంటే అత్తగారు తెచ్చి వెనక వసారాలో పెట్టుకుంది. వద్దని కూతురు మొత్తుకుంది. అల్లుడు కూతురి ద్వారా మొత్తుకున్నాడు. వినే రకమా ఆవిడ? ఆవిడ పెంచే కుందేలుకి నాలుగు కాళ్ళూ ఉన్నాయి గానీ, మాట పట్టిందంటే మాత్రం మూడే కాళ్ళు. వారం తిరక్కుండా ఆ కుందేలు తన పొట్టమీది బొచ్చు తనే పీక్కుని, చెక్కపెట్టెలో పరుచుకుని, ఐదు పిల్లల్ని పెట్టింది. మూసిన కళ్ళతో, వేలెడంత ఒళ్ళుతో అన్నీ ఒకదానిమీద ఒకటి కుప్పగా పడి ఉండేవి. అన్నిటికన్నా చిన్నదానికి అత్తగారు పిసరు అని పేరు పెట్టింది.

రోజులు నిండాక నాలుగు పిల్లలు కళ్ళు తెరిచాయి. పిసరు తెరవలేదు. రెప్పల మీద పసుప్పచ్చటి పుసి గట్టిపడి అతుక్కుపోయింది. అత్తగారు నీళ్ళు కాచి చల్లార్చి, దూది తడిపి, రెప్పలమీద ఆనించి ఆనించి, లాగకుండా పీకకుండా ఓపిగ్గా ఆ పుసి నానబెట్టింది. రెప్పలు విడ్డాయి. ఒక కన్ను నల్లద్రాక్షలా నిగనిగలాడుతూ బయటపడింది. రెండోది ఎర్రగా వాచి, చీము కారుతూ ఉంది.

"కళ్ళ డాక్టరని చెప్పి చేసుకున్నారుగా. చూడమను" అంది అత్తగారు కూతురితో.

ఇన్నేళ్ళలో ఆవిడ ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఆయనకి ఒళ్ళు మండింది.

"నేను కళ్ళజోళ్ళు చేస్తాను. కుందేలుకి కళ్ళజోడు కావాలేమో కనుక్కో, ఈ పూటే చేసిస్తాను" అన్నాడు.

"మీరిద్దరూ కలిసి నన్ను పిచ్చాసుపత్రికి పంపేదాకా ఊరుకోరు. ఒక్కసారి చూస్తే మీ సొమ్మేం పోయింది?" అంది భార్య.

చూశాడు. చూసి, "నాకు తెలీదు, పశువుల డాక్టరుకి చూపిద్దాం" అని ఉంటే ఈ కథే లేదు. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ తువ్వాల్లో పిసరుని పట్టుకుని అత్తగారు ఎదురుగా నించుని ఉంది. కళ్ళు పిసరుమీదే ఉన్నా చెవులు ఆయనవైపే ఉన్నాయని ఆయనకి తెలుసు. అలాంటప్పుడు తెలీదనడానికి నోరెలా వస్తుంది? కొట్టుకి వెళ్ళి సొరుగు లాగాడు. క్రితం ఏడాది అద్దం పెంకు ఎగిరి తన కంట్లో పడినప్పుడు ఆస్పత్రిలో ఇచ్చిన చుక్కల మందు సీసా అందులో ఉంది, సగం మిగిలి. వేసిన పూటే ఎరుపు విరిగిన మందు అది. మనిషికి పనిచేసింది కుందేలుకి చెయ్యదా అనుకున్నాడు. ఒక్క చుక్క వేశాడు.

తెల్లారేసరికి ఎరుపు సగానికి సగం తగ్గింది. అత్తగారు పిసరుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఫరవాలేదు, ఎంతో కొంత తెలిసినట్టే ఉంది" అని కిటికీతో అంది. కిటికీతో అన్నా మాట మాటే. ఆ రోజంతా ఆయన కొట్లో కూనిరాగాలు తీస్తూనే ఉన్నాడు. బేకరీ ఆయన కళ్ళజోడు కోసం వస్తే, అడక్కపోయినా కుందేలు కన్ను బాగుచేసిన సంగతి చెప్పాడు. "మీకు చేతకానిది ఏముంది డాక్టరుగారూ" అన్నాడు బేకరీ ఆయన. ఇంకేం కావాలి, ఆ చుక్కలు రోజూ పడ్డాయి.

మెచ్చుకోలు అంత పాడుది ఇంకోటి లేదండీ. ఒక్కసారి భేష్ అనిపించుకున్నవాడికి తెలీదు అనే మాట గొంతు దాటి రాదు. నాలుగు రోజులు గడిచేసరికి పిసరు ఆ కన్ను తెరవడం మానేసింది. వెలుతురు తగిలితే మొహం తువ్వాల్లో దాచుకునేది. కన్ను కింద బొచ్చంతా తడిసి అట్టకట్టింది. రెప్ప పైకెత్తి చూస్తే కనుపాప మీద అద్దంమీద ఊపిరి ఊదినట్టు తెల్లగా పొగ కమ్మింది. అద్దాలతో బతికే మనిషికి ఆ పొగ మంచిది కాదని తెలియదా? తెలుసు. అయినా ఏం చేశాడు? ఒక చుక్క వేసేవాడు రెండు వెయ్యడం మొదలుపెట్టాడు. రోగానికీ అదే మందు, ఆ మందు చేసిన చెరుపుకీ అదే మందు. అలాంటి వెర్రికి ఏ ఆస్పత్రిలోనూ చికిత్స లేదు.

మర్నాడు పట్టపగలు, కొట్లో నలుగురు జనం ఉండగా, అత్తగారు చేతికి బుట్ట తగిలించుకుని గుమ్మంలోకి వచ్చింది. భార్య నీటి బిల్లుల కౌంటర్లో ఉంది, మధ్యవర్తి లేదు. ఆవిడ ఒక్క క్షణం తటపటాయించి, బుట్టలోకి వంగింది.

"పిసరూ, ఈయన్ని లెమ్మను. నిన్ను అసలు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి."

నలుగురూ ఆయనవైపు చూశారు. ఆయన కోటు విప్పి మేకుకి తగిలించి, వచ్చినవాళ్ళని సాయంత్రం రమ్మని, కొట్టు తలుపు దించి, బుట్టని చూస్తూ అన్నాడు.

"పిసరూ, పెద్దావిణ్ణి బస్సులో కిటికీ పక్కన కూర్చోమని చెప్పు. ఎండ తగలకుండా బుట్టమీద గుడ్డ కప్పమను."

పశువుల ఆస్పత్రి వరండాలో బల్లలన్నీ నిండి ఉన్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, పిల్లిని ఒళ్ళో పెట్టుకుని బేకరీ ఆయన అక్కడే తగలడ్డాడు. "అరె, డాక్టరుగారు. మీరేంటి ఇక్కడ? ఇంట్లోనే ఇంత పెద్ద కళ్ళ డాక్టరుండగా బుట్ట పట్టుకుని వచ్చారేంటి?" అని వరండా అంతా వినపడేలా పలకరించాడు. లోపల గదిలో పశువుల డాక్టరమ్మ తలెత్తి చూసింది. పొద్దుటినుంచీ నించునే ఉన్నట్టుంది, విసుగంతా మొహంలోనే ఉంది.

పిసరుని బల్లమీద పెట్టి, రెప్ప ఎత్తి చూసి, ఆవిడ పెదవి కొరుక్కుంది. నారింజరంగు కాగితం ముక్క తడిపి కంటికి తాకించింది. కిటికీ తెర లాగి నీలం లైటు వేసింది. పిసరు కంటి మధ్యలో ఒక మచ్చ పచ్చగా వెలిగింది. మామూలప్పుడైతే ఆ లైటేంటి, ఆ కాగితమేంటి అని ఆయన వంద ప్రశ్నలు వేసేవాడు. ఇప్పుడు ఆ మచ్చనే చూస్తూ నించున్నాడు.

"పుండు పడింది. మొదట చిన్న గీతే అయ్యుంటుంది, గడ్డిపరకో ఏదో గుచ్చుకుని. ఇప్పుడు లోపలికి తవ్వేసింది. ఇందులో ఏం వేశారు?" అంది డాక్టరమ్మ. ఆయన్ని చూసి, "మీరు కళ్ళ డాక్టరటగా, మీరేనా వేసింది?" అంది.

ఆయన నోరు తెరిచేలోపే అత్తగారు ముందుకొచ్చింది.

"నేనేనమ్మా వేసింది. ముసలిదాన్ని, తెలీక వేశాను. ఆయనకేం తెలీదు, కొట్లో ఉంటాడు పొద్దస్తమానం."

ఆయన అదిరిపడి ఆవిడవైపు చూశాడు. ఆవిడ అటు చూడలేదు. బొత్తాల్లో పగులు వెతికే ఆ కళ్ళు గోడమీది క్యాలెండరుకి అతుక్కుపోయి ఉన్నాయి.

"ఏ మందమ్మా?"

"చుక్కలు."

"చుక్కలే. ఏం చుక్కలు?"

"తెల్ల సీసాలో ఉంటాయి చూడు, అవి."

"తెల్ల సీసాలు వంద రకాలుంటాయి తల్లీ" అని డాక్టరమ్మ పెన్ను బల్లమీద పడేసింది. "వాపు తగ్గించే చుక్కలైతే నేను చెయ్యాల్సింది ఒకటి, మామూలు చుక్కలైతే ఇంకోటి. అది తెలియకుండా ముందుకెళ్తే ఈ కన్ను తీసెయ్యాల్సొస్తుంది. ఇక్కడికొచ్చే కుందేళ్ళలో సగం జబ్బుతో రావు, మీ ఇళ్ళల్లోని మందులతో వస్తాయి. ఎవరికీ సిగ్గుండదు, నిజం చెప్పరు."

తలుపు తెరిచే ఉంది. బేకరీ ఆయన పిల్లితో సహా మెడ సాచి వింటున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుంటే పరువు నిలుస్తుంది, అత్తగారు వేసిన ముసుగు ఎలాగూ ఉంది. నోరు మూసుకుంటే పిసరు కన్ను పోతుంది. ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు.

"నేనే వేశానండి. అద్దం పెంకు పడితే నాకిచ్చిన మందు అది" అని మందు పేరు చెప్పాడు. "ఏడాది కిందట తెరిచిన సీసా. రోజూ వేశాను. తగ్గకపోతే రెండేసి చుక్కలు వేశాను. ఆవిడకేం తెలీదు. నేను డాక్టర్ని కాను. ఎప్పుడూ కాను. కళ్ళజోళ్ళు చేస్తాను, అంతే."

వరండాలో పిల్లి ఒక్కటే అరిచింది.

"వాపు తగ్గించే మందే" అంది డాక్టరమ్మ. గొంతులో విసుగు కొంచెం తగ్గింది. "ఎరుపంటే ఒంటికి కాపలాలాంటిది. కాపలావాణ్ణి ఇంటికి పంపేసి దొంగకి తలుపు తీసిపెట్టారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే. సరే, ఇప్పటికైనా చెప్పారు."

ఆవిడ వేరే చుక్కలు రాసింది, నొప్పికి మందు ఇచ్చింది. పుండు మానేదాకా పగలంతా వేళ తప్పకుండా చుక్కలు వెయ్యాలంది. వేసేముందు చేతులు కడుక్కోవాలి, సీసా మూతి కంటికి తగలకూడదు, వేశాక పిల్లని తల్లి దగ్గరికే చేర్చాలి, లేకపోతే పాలు మానేస్తుంది. పెట్టెలో దుమ్ము లేచే పాత గడ్డి పారేసి మెత్తటి పొడిగడ్డి వెయ్యాలి, తడిస్తే వెంటనే మార్చాలి, ఉచ్చ ఘాటు కూడా ఆ కళ్ళకి పడదంది. చూపు దక్కుతుందా అని అత్తగారు అడిగితే, కన్ను దక్కితే అదే గొప్ప, చూపు సంగతి తర్వాత చూద్దాం అంది.

ఇంటికొచ్చేదాకా అత్తగారు పిసరుతో కూడా మాట్లాడలేదు. ఆయనకి ఆ మౌనం తిట్లకన్నా ఎక్కువ కుట్టింది. బేకరీ ఆయన పుణ్యమా అని సాయంత్రానికల్లా వీధి మొత్తానికి తెలిసిపోయింది. మర్నాడు జిరాక్సు కొట్టతను "నమస్తే డాక్..." అని ఆగి, "నమస్తే అండి" అన్నాడు. ఒకావిడ వచ్చి తన కళ్ళజోడు నంబరు సరైందో కాదో ఆస్పత్రిలో చూపించుకుంటానని చెప్పి మరీ వెళ్ళింది. చూపించుకుంది, సరైందే అన్నారట. ఆ మాట చెప్పడానికి మాత్రం తిరిగి రాలేదు, దర్జీ చెబితే తెలిసింది. ఆయన ఎవరిమీదా కోపం తెచ్చుకోలేకపోయాడు. కోపం రావాల్సినవాడు అద్దంలో కనిపిస్తూనే ఉన్నాడు.

మందు వెయ్యడం ఒక యజ్ఞమైపోయింది. పిసరు చూడ్డానికి పిసరే గానీ, తువ్వాల్లో చుడితే చేపలా జారిపోయేది. భార్య ఇంట్లో ఉండదు కాబట్టి ఇద్దరే ఉండాలి. అత్తగారు కాళ్ళు లోపలికి మడిచి పొట్లంలా చుట్టి గుండెకి ఆనించుకుంటే, ఆయన కింది రెప్ప కిందికి లాగి చుక్క వెయ్యాలి.

"పిసరూ, చెయ్యి వణికించొద్దని చెప్పు" అనేది అత్తగారు.

"పిసరూ, వణుకుతున్నది నా చెయ్యి కాదని చెప్పు. పట్టుకున్నవాళ్ళని గట్టిగా పట్టుకోమను."

"గట్టిగా పడితే ఊపిరాడదని చెప్పు. బుద్ధుందా అని కూడా అడుగు."

ఒకసారి చుక్క పిసరు ముక్కుమీద పడింది, ఇంకోసారి అత్తగారి మోచేతిమీద. పిసరు కాలు విదిల్చి ఆయన కళ్ళజోడు కింద పడేసింది, అది ఆయన కాలికిందే పడి నలిగింది. ఊళ్ళో అందరికీ కళ్ళజోళ్ళు చేసే మనిషి రెండు రోజులు తాడుతో కట్టుకున్న జోడుతో తిరిగాడు. అయినా ఒక్క వేళా తప్పలేదు. కొట్లో జనం ఉన్నా, సాన ఆపి, చేతులు కడుక్కుని, వీధి చివరి ఇంటికి పరిగెత్తేవాడు. ఆయన వచ్చేసరికి అత్తగారు తువ్వాలు పరిచి కూర్చుని ఉండేది.

చివరికి మళ్ళీ చూపించాల్సిన రోజు వచ్చింది. అదే కాగితం, అదే నీలం లైటు. ఈసారి పచ్చమచ్చ వెలగలేదు. డాక్టరమ్మ పిసరు బాగున్న కన్ను మూసి, రెండో కంటి పక్కగా దూది ఉండ ఒకటి వదిలింది. పిసరు తల తిప్పింది. ఎదురుగా వదిలితే తిప్పలేదు.

"పుండు మానింది. మధ్యలో తెల్లమచ్చ ఉండిపోతుంది, అక్కడ చూపు లేదు. పక్కలనుంచి కనిపిస్తుంది. దానికి ఈ కన్ను దక్కడమే ఎక్కువ" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

బయట బస్టాపులో సిమెంటు బల్లమీద ఇద్దరూ చెరో చివర కూర్చున్నారు. మధ్యలో బుట్ట ఉంది. ఆయన బుట్టలోకి చూస్తూ ఆ తెల్లమచ్చ గురించే ఆలోచిస్తున్నాడు. తను మొదటిరోజే తెలీదు అని ఉంటే అది ఉండేది కాదు.

"బాబూ" అంది అత్తగారు.

ఎవరినో పిలుస్తోందని ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"మిమ్మల్నే. పెళ్ళికి ముందే నేను మీ కొట్టుకొచ్చాను, మీకు తెలీదు. ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, ఎదురుగా టీకొట్లో కూర్చుని చూశాను. ఎవరో ముసలాయన కళ్ళజోడు. ఫ్రేములో సరిగ్గా కూర్చోలేదని అద్దం తీసి మళ్ళీ మళ్ళీ అరగదీశారు. చాల్లే నాయనా అని ఆయనే అన్నాడు. మీరు వదల్లేదు. డాక్టరు కాకపోతే కాకపోయె, పిల్లని ఇతనికే ఇవ్వాలని అక్కడే అనుకున్నాను."

"మరి ఇన్నేళ్ళూ..." అన్నాడు ఆయన.

"మీ నోటితో మీరు చెబుతారని చూశాను. ఆ బాబాయి కోసిన కోతకి మీరు కాదు అంటారని. ఇవాళ చెబుతారు, రేపు చెబుతారు అనుకుంటూనే ఉన్నాను. చెప్పని మనిషితో నేనెందుకు పలకాలని నాకూ పంతం పట్టింది."

"మీరైనా అడగొచ్చుగా అత్తయ్యగారూ."

"నేనెందుకడుగుతాను? చెప్పాల్సినవాళ్ళు చెప్పాలి." ఆవిడ బుట్టమీద గుడ్డ లాగి కప్పింది, కప్పిన గుడ్డే మళ్ళీ సర్దింది. "చూశారా ఎంత పని చేశారో. నాకిప్పుడు డెబ్బై దాటాయి. మీతో అనాల్సినవన్నీ అలాగే ఉండిపోయాయి, అవి అనడానికి ఇంకెన్నాళ్ళుంటానని? అదుగో బస్సు. అలా చూస్తారేంటి, లేవండి, బుట్ట వంచకుండా పట్టుకోండి."

ఆయన బుట్ట పట్టుకుని లేచాడు. కళ్ళు మసకేస్తుంటే బస్సు మెట్టు సరిగ్గా కనపడలేదు. అత్తగారు మోచెయ్యి పట్టుకుని ఎక్కించింది.